హుఫూఫ్ మసీదు గుమ్మంలో మామ చెప్పులు

నేను కరెంటు పనివాణ్ణి. లైటు ఆరిపోతే వైరు చూస్తాను తప్ప జిన్ను వైపు చూడను. మా కడప జిల్లాలో దయ్యం కథలకు కొదవ లేదు, చెప్పేవాళ్ల ముఖం మీదే నవ్వేవాణ్ణి. ఇది కూడా ఎవరైనా చెబితే నవ్వేవాణ్ణేమో. కానీ జరిగింది నా కళ్లెదుటే.

సౌదీలోని హుఫూఫ్ ఊళ్లో ఒక పాత మట్టి మసీదు బాగుచేసే పని మాది. వందల ఏళ్ల నాటిది. ఎప్పటిదో యుద్ధంలో ఫిరంగి గుండు తగిలి ఒక పక్క గోడ కూలితే, ఊరివాళ్లే మళ్లీ కట్టుకున్నారట. ఆ గోడ ఇప్పుడు మళ్లీ ఒరిగింది. నాది వైరింగ్. గోడకు మట్టి పూత పూసేది మా ఖాసిం మామ. నన్ను సౌదీకి తెచ్చింది, పనిలో పెట్టించింది, ఇక్కడ నాకు అమ్మా నాన్నా అన్నీ ఆయనే.

పని మధ్యలో ఊళ్లో అత్త చనిపోయింది. మమ్మల్ని పనిలో పెట్టుకున్న యజమాని, కఫీల్, సంతకం పెట్టి, ఊరికి పోయిరావడానికి ఎగ్జిట్ రీ-ఎంట్రీ వీసా వచ్చేలోపే మట్టి చేసేశారు. ఇంక పోయి ఎవరిని చూడాలని మామ ఇక్కడే ఉండిపోయాడు. ఏడవలేదు. మాట్లాడటం మానేశాడు. ముద్ద కలిపి పెట్టినా రెండు మెతుకులు నోట్లో వేసుకుని లేచిపోయేవాడు. మనిషి పీక్కుపోయాడు. ఈయన కూడా నాకు దక్కడేమోనని భయమేసేది.

మసీదులో పని అయిపోయిన సగంలో, పొద్దు వాలే వేళ అసర్ నమాజు చదువుకునేవాళ్లం. ఒకరోజు బయటికి వస్తే మా అందరి చెప్పులూ విడిచినవి విడిచినట్టే ఉన్నాయి. మామవి మాత్రం వీధి వైపు తిరిగి, జతగా, కాళ్లు పెట్టడమే తరువాయి అన్నట్టున్నాయి. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. పెళ్లాం పోయిన మనిషితో పరాచికాలేంట్రా అని సైటంతా తిరిగి హిందీలో, తెలుగులో అందరినీ తిట్టిపోశాను. ఎవరూ ఒప్పుకోలేదు.

ఆ మసీదు బాగోగులు చూసే స్థానిక ముసలాయనకు కాస్త ఉర్దూ వచ్చు. నా గోల విని ఆయన కోప్పడలేదు, నవ్వాడు. ఫిరంగి గుండు తగిలిన రోజు లోపలున్న జనం చెప్పులు దొరక్క, కాలే ఇటుకల మీద ఒట్టి కాళ్లతో పరిగెత్తారట. అప్పటి మసీదు కాపలాదారు ఆ తర్వాత చచ్చేదాకా, లోపలికి వెళ్లిన ప్రతి ఒక్కరి చెప్పులూ వీధి వైపు తిప్పి పెట్టేవాడట. అదంతా తాతల నాటి మాట, ఇప్పుడు ఆ పని చేసేవాళ్లెవరూ లేరన్నాడు.

మర్నాడు నేను అందరితో పాటు జమాతులో నమాజుకు నిలబడలేదు. గుమ్మం పక్కనే కూర్చుని, మామ లోపలి వైపుకు విడిచిన చెప్పులనే చూస్తున్నాను. ఆ మసీదుకు ఉన్నది ఒకటే తలుపు. పట్టపగలు. గాలి లేదు, పిల్లి కూడా రాలేదు. లోపల నమాజు ముగిసిన సలాం వినిపించింది. చెప్పులు వీధి వైపు ఉన్నాయి. ఎప్పుడు తిరిగాయి? నేను చూపు తిప్పలేదు. తిప్పలేదనే ఇప్పటికీ అంటాను.

మామ బయటికొచ్చి నా ముఖం చూశాడు. చెప్పులు చూశాడు. మెట్టు మీద నా పక్కన కూలబడ్డాడు.

"మీ అత్త గూడా ఇట్నే తిప్పి పెట్టేది అబ్బీ, నేను పనికి పొయ్యేటప్పుడు," అన్నాడు.

అని, అత్త పోయాక మొదటిసారి బావురుమన్నాడు. నేనూ ఆపుకోలేకపోయాను. వచ్చేపోయేవాళ్లు చూస్తున్నా మాకు పట్టలేదు. చాలాసేపటికి మొహం తుడుచుకుని నా వైపు తిరిగాడు.

"ఆకలైతాంది రా. తినేదానికి ఏమన్నా ఉండాదా?"

నా డబ్బాలో ఖుబూజ్ రొట్టెలు, పప్పు ఉన్నాయి. మొత్తం తిన్నాడు. నాకు మిగల్చాలని కూడా తోచలేదు ఆయనకు, అయినా అంత సంతోషం నాకు ఎన్నడూ కలగలేదు.

అది ఆ కాపలాదారా, మా అత్తా, నా కళ్లే మోసం చేశాయా, ఇంతవరకూ నాకు అంతుపట్టలేదు. వైరు ఎక్కడ తెగిందో వెతికినట్టు చాలా వెతికాను. మామ మాత్రం అదెవరని ఒక్కసారి కూడా అడగలేదు. ఆ సాయంత్రం క్యాంపు బస్సులో నా భుజం మీద తల పెట్టి, గురక పెట్టి నిద్రపోయాడు.