అనిమే పిల్లల మీద పెద్దల కోసం నేను రాసిన నిఘంటువు

మా తెలుగు సంఘం అధ్యక్షుడికి ఒక అలవాటు. తనకు అర్థం కానిదాన్ని ముందు సమస్య అంటాడు. తర్వాత దానికొక కమిటీ వేస్తాడు. ఆ కమిటీలో నన్ను వేస్తాడు. ఆ లెక్కన మలేషియాలో ఈ క్లాంగ్‌లో ఉన్న తెలుగువాళ్ళ సమస్యలన్నీ ఇప్పటికి నా మెడకు చుట్టుకున్నాయి.

ఈసారి సమస్య జపాను బొమ్మల కథలు. తెర మీద ఆడితే అనిమే, పుస్తకంలో ఉంటే మాంగా. ఆ మాత్రం తేడా కూడా ఆ రోజు మీటింగులో ఎవరికీ తెలియదు. అయినా అందరికీ భయమే. ఒకాయన లేచి, "మావోడు అన్నం ముందర సేతులు జోడించి జపాను మంత్రం సదువుతన్నాడు లా. మతం మారిపోతన్నాడేటి?" అన్నాడు. ఆ 'లా' ఇక్కడి గాలిలోనే ఉంది, ఏ భాష మాట్లాడినా మాట చివర దానంతటదే తగులుకుంటుంది. హైదరాబాదు నుంచి వచ్చి మూడేళ్ళయిన ఐటీ ఆవిడ, "మా అమ్మాయి గది నిండా కత్తులేనండీ. అట్టముక్కలవే అనుకోండి, అయినా కత్తులు కత్తులే కదా," అంది. ఎద్దు ఈనిందంటే దూడను గాటన కట్టెయ్యమనే రకం మా అధ్యక్షుడు. వెంటనే నా వైపు తిరిగాడు.

"నువ్వొక పుస్తకం రాయి. తల్లిదండ్రులకి గైడు. ఏ మాటకి ఏటి అర్థమో, ఎక్కడ భయపడాలో, అన్నీ రాయి. ఉగాదికి పంచుదాం. తెలుగులోనే రాయి, పిల్లలకి తెలీదు లా."

ఆ చివరి మాట మామూలుగా అన్నాడు, మేమూ మామూలుగా విన్నాం. ఇక్కడ పుట్టిన తెలుగువాళ్ళకు తెలుగు ఒక భాష కాదు, ఒక తలుపు. పిల్లలు ఎదురుగా ఉన్నప్పుడు వేసుకుంటాం. వాళ్ళ మార్కులు, వాళ్ళ మేనత్త గొడవలు, పక్కింటివాళ్ళ అమ్మాయి ఎవరితో వెళ్ళిపోయిందో, అన్నీ వాళ్ళ నెత్తిమీదుగా తెలుగులో మాట్లాడుకుంటాం. పిల్లలు ఇంగ్లీషులోనో తమిళంలోనో జవాబిస్తారు కాబట్టి వాళ్ళకు తెలుగు రాదని మేమే తీర్మానం చేసేశాం. ఇంట్లో పిల్లి ఉందని గొంతు తగ్గించుకుని మాట్లాడతామా? ఇదీ అంతే.

నాకున్న అర్హతలు రెండు. మా నాన్న బటాంగ్ బెర్జుంటైలో రబ్బరు తోట గుమాస్తా. నాకు అక్షరాలు బెత్తంతో నేర్పాడు కాబట్టి సంఘం పత్రికకు నేనే సంపాదకుణ్ణి. రెండోది, సమస్య మా ఇంట్లోనే ఉంది. మా అమ్మాయికి పందొమ్మిదేళ్ళు. కాలేజీలో డిజైన్ చదువుతోంది. గది గోడ మీద పచ్చజుట్టు కుర్రాళ్ళూ ఊదాజుట్టు అమ్మాయిలూ తప్ప సున్నం కనపడదు.

ఒక ఆదివారం పొద్దున్నే నోటుబుక్కు పట్టుకుని, తగుదునమ్మా అని దాని గది ముందు నిలబడ్డాను. ఇలా పుస్తకం రాస్తున్నాను, చెబుతావా అన్నాను.

"నిజంగా అడుగుతున్నావా పా?" అంది ఇంగ్లీషులో. కుర్చీ మీద బట్టలు తీసేసి నన్ను కూర్చోబెట్టింది.

అంతకుముందు ఆరేళ్ళలో మా ఇద్దరి మధ్య నడిచిన మాటలన్నీ కలిపితే ఒక పేజీ నిండదు. తిన్నావా, తిన్నాను. వైఫై పోయింది, చూస్తాను. అలాంటిది ఆ రెండు నెలలూ ప్రతి ఆదివారం అది నాకు పాఠం చెప్పింది. బొమ్మలు గీసి చూపించింది. మాంగాను కుడి నుంచి ఎడమకు చదవాలని తెలియక నేను చివరి పేజీ నుంచి కథ మొదలుపెడితే పడీ పడీ నవ్వింది. మా ఆవిడ వంటింట్లోంచి తొంగి చూసి టీ పెట్టి వెళ్ళేది. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ ఆదివారాల కోసం నేను వారమంతా ఎదురుచూసేవాణ్ణి. పుస్తకం అయిపోతే ఈ మాటలూ అయిపోతాయేమోనని అడిగిందే మళ్ళీ అడిగేవాణ్ణి.

రాయడానికి కూర్చుంటే మాత్రం నా బుద్ధి నాదే. మచ్చుకు కొన్ని.

"ఓటాకు: జపానులో ఇది ఇంటిపట్టున పడి ఉండే పిచ్చివాణ్ణి తిట్టే మాట. మన పిల్లలు దీన్ని డిగ్రీలా పేరు పక్కన తగిలించుకుంటారు."

"వైఫు: కాగితం మీది పెళ్ళాం. అలగదు, పుట్టింటికి పోదు, ముసలితనం రాదు. ఇంతకన్నా వివరం రాస్తే మన సంఘంలో మగవాళ్ళు ఎగబడతారు."

"సబ్, డబ్: జపాను గొంతు వింటూ కింద అక్షరాలు చదివేవాళ్ళది ఒక కులం, ఇంగ్లీషు గొంతుతో చూసేవాళ్ళది ఇంకో కులం. ఒక పంక్తిలో భోజనం చెయ్యరు."

"ఫిల్లర్: కథ అంగుళం కూడా కదలని ఎపిసోడు. మన టీవీ సీరియళ్ళలో వేరే రకం ఎపిసోడు ఉండదు కాబట్టి మనకు ఈ మాటతో పని లేదు."

"షిప్పింగ్: కథలో ఇద్దరికి చూసేవాళ్ళే సంబంధం కుదిర్చి, ఒప్పుకోనివాళ్ళతో తన్నుకోవడం. ఇరవై ఏడేళ్ళుగా రేవు ఆఫీసులో నేను చేస్తున్నది ఇది కాదని మనవి. మన మహిళా విభాగం చేస్తున్నది మాత్రం ఇదే."

అధ్యక్షుడు చిత్తుప్రతి చదివి పొట్ట పట్టుకున్నాడు. "ఇంకా కావాలి లా! వేషాల మీద రాయలేదేటి?" అన్నాడు. కోతికి కొబ్బరికాయ దొరికినట్టయింది నాకు.

వేషాల సంగతి చూడ్డానికి మా అమ్మాయే తీసుకెళ్ళింది. కౌలాలంపూర్లో ఒక మాల్‌లో చిన్న సంత లాంటిది జరుగుతోంది. పాత్రల్లా వేషం కట్టడాన్ని కాస్‌ప్లే అంటారు. వేషం కట్టినవాళ్ళ వెంట సంచీ, సూదీదారం, జిగురు, మంచినీళ్ళు మోసే మనిషి ఒకడుంటాడు. అతణ్ణి హ్యాండ్లర్ అంటారు. ఆ రోజు హ్యాండ్లర్ని నేను. నాలుగు నెలలు స్పాంజి అట్ట కోసి, వేడిచేసి వంచి, వెండిరంగు పూసి అది తయారుచేసుకున్న కవచం భుజాలను నల్ల చెత్తసంచీలో చుట్టి, క్లాంగ్ నుంచి కమ్యూటర్ రైల్లో నా ఒళ్ళో పెట్టుకుని తీసుకెళ్ళాను. అది ఇంకా వేషం కాదట, కొలతలు సరిపోయాయో లేదో తోటివాళ్ళకు చూపించడానికట. అసలు వేదిక ఉగాది తర్వాత మూడు వారాలకు, పెద్ద హాల్లో.

దారిలో బ్రిక్‌ఫీల్డ్స్‌లో దిగి వడలు తిన్నాం. కొట్టాయన ఆ సంచీలోంచి బయటికొచ్చిన కవచం కొస చూసి తమిళంలో, "మురుగన్ గుడికి కావడి ఎత్తుతున్నావా అమ్మా?" అని అడిగాడు. మా అమ్మాయి, "అవును, మామా," అంది. ఇద్దరం నవ్వుకున్నాం. ఆ నవ్వులోనే అది నాకు ఒక సంగతి చెప్పింది.

అంతకుముందు ఏడాది ఒకసారి వేషం కట్టిందట. వెన్నెల దేశపు సేనాని అని ఏదో పాత్ర. ఫోటో పెడితే ముక్కూమొహం తెలియనివాళ్ళు కింద రాశారట, ఆ సేనాని ఈ రంగులో ఉండదే అని. ఒకడు దాని మొహాన్ని తెల్లగా మార్చి, "ఇప్పుడు బాగుంది, సాయం చేశాను," అని పెట్టాడట. ఫోటో తీసేసి రెండు రోజులు జ్వరమని తలుపేసుకుంది. నాకు ఆ జ్వరం గుర్తుంది. మాత్రలు తెచ్చిచ్చాను కూడా.

"ఈసారి అదే పాత్ర, పా. మొహానికి ఏమీ పూసుకోకుండా నిలబడతాను," అంది. వడ ముక్క చట్నీలో తిప్పుతూ తిప్పుతూ, "ఎవరికీ చెప్పకు," అంది.

చెప్పనన్నాను. మర్నాడు ఆఫీసులో భోజనాల వేళ ఇది రాశాను:

"కాస్‌ప్లే: మన ఊళ్ళలో పగటివేషగాళ్ళు బియ్యం అడిగేవారు, వీళ్ళు లైకులు అడుగుతారు. చిక్కేమిటంటే పాత్రలన్నీ పాలరంగు, మన పిల్లలు డికాషన్ రంగు. నాకు తెలిసిన ఒకమ్మాయి వెన్నెల దేశపు సేనానిగా వేషం కడితే చూసినవాళ్ళు అమావాస్య అనుకున్నారట. పాపం, రెండు రోజులు జ్వరం. తల్లిదండ్రులకు సూచన: వేషం కంటే ముందు అద్దం కొనిపెట్టండి."

ఎందుకు రాశావని ఎవరైనా అడిగితే ఏం చెప్పను? అమావాస్య అన్న మాట దొరికింది. దొరికిన మాటను వదులుకోలేకపోయాను. అంతకన్నా పెద్ద కారణం ఏదీ లేదు.

మా ఆవిడ చదివి కాగితం బల్ల మీద పెట్టింది. "ఇది తీసెయ్యి," అంది.

"పేరు రాయలేదు కదా. దానికి తెలుగు రాదు కదా."

"రాకపోతే రాసేత్తావా?"

నాకు కోపం వచ్చింది. హాస్యం తెలియని మనిషివి అన్నాను. పుస్తకం అచ్చుకు వెళ్ళింది.

ఉగాది సభలో అధ్యక్షుడు పుస్తకం ఆవిష్కరించి ఊరుకోలేదు. కళ్ళజోడు పెట్టుకుని మైకులో చదవడం మొదలుపెట్టాడు. వైఫు దగ్గర హాలు గొల్లుమంది. షిప్పింగ్ దగ్గర మహిళా విభాగం చెప్పులు చూపించి మరీ నవ్వింది. పొగడ్త నా తలకెక్కింది. తర్వాత కాస్‌ప్లే అన్నాడు. అమావాస్య దగ్గర ఒక్క క్షణం ఆగాడు, నటుడిలాగా. రెండొందల మంది ఒక్కసారిగా నవ్వారు. ఐటీ ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ, "అబ్బా, అద్దమట అద్దం!" అంటోంది.

మా అమ్మాయి వెనక వరసలో పళ్ళెంతో ఉగాది పచ్చడి పంచుతోంది. నేను చూశాను. చూసి కూడా బెంగపడలేదు. దానికి తెలియదు కదా! అది ఒక్కసారి ఆగి, పళ్ళెంలో కప్పులు సర్దుకుని, మిగిలిన వరస మొత్తం పంచింది. నాకూ ఒక కప్పు తెచ్చిచ్చింది. నవ్వుతూనే తీసుకున్నాను.

ఇంటికి వెళ్ళేటప్పుడు అది కారు వెనకసీట్లో కూర్చుంది. టోల్ గేటు దాటాక నేను మా ఆవిడతో, ఎప్పటిలాగే, వెనకసీటు నెత్తిమీదుగా తెలుగులో అన్నాను. "దీనికేటయింది? మూతి ముడుసుకుని కూకుంది."

"నాకేటీ అవలేదు నానా."

వెనకనుంచి వచ్చింది ఆ మాట. గొంతు మా అమ్మాయిది, మాట అచ్చం మా అమ్మది. పిల్లకు ఏడేళ్ళు వచ్చేదాకా దాన్ని పెంచింది మా అమ్మే. కారు పక్క గీతలోకి పోయింది, వెనకవాడు హారను కొట్టాడు.

"నీకు తెలుస్తాదా?" అన్నాను.

"పుట్టినకాడి నుంచి తెలుస్తాది."

"మరెప్పుడూ మాటాడలేదేటి?"

"మాటాడినాను. సిన్నప్పుడు, నాయనమ్మ పోయినాక. ఎవరో హైదరాబాదు ఆళ్ళింట్లో బర్త్‌డేకి ఎల్లినాం. నేను 'ఏటి' అన్నాను. ఆ యాసకి అందరూ నవ్వినారు. నువ్వూ నవ్వినావు. అప్పట్నుంచి వింటన్నాను, అంతే. నా మార్కులు విన్నాను. దీనికి సంబంధాలు కష్టం, రంగు తక్కువ అని అత్తతో నువ్వన్నది విన్నాను. అది ఈ కార్లోనే. నేను ఇక్కడే కూకున్నాను."

మా ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తోంది. ఆమెకు ఎప్పట్నుంచో తెలుసని నాకు అప్పుడు అర్థమైంది. నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. క్షమించు అనాల్సింది, మూడు భాషల్లోనూ అనడం వచ్చు. పేరు రాయలేదు కదా అన్నాను, చివరికి! అంతకన్నా సిగ్గుమాలిన మాట నా జన్మలో అని ఉండను.

"పేరు నాకు తెలుసు కదా," అంది.

ఆ తర్వాత ఆదివారాలు నేను నోటుబుక్కు లేకుండా దాని గది ముందుకు వెళ్ళాను. తలుపు వేసి లేదు. లోపల పని చేసుకుంటోంది, అంతే. తిన్నావా అంటే తిన్నాను అంది. అదీ ఇంగ్లీషులో. సంఘంలో మాత్రం పుస్తకం కాపీలు చాలక మళ్ళీ అచ్చు వేయించారు. ఆ పేజీ తీసెయ్యమని అధ్యక్షుడిని అడిగాను. "అదే లా బాగున్నాది!" అన్నాడు.

వేదిక రోజు పొద్దున్న అది మా ఇంటి ముందుగదిలో కవచం కట్టుకుంటోంది. మా ఆవిడ వెనక పట్టీలు బిగిస్తోంది. మొహానికి ఏమీ పూసుకోలేదు. వెండిరంగు మీద ఆ మొహం ఎంత బాగుందో నేను చెప్పను, నా మాటల మీద నాకే నమ్మకం పోయింది. సూదీదారం, జిగురు, నీళ్ళసీసా సర్దిన సంచీని నేను భుజానికి తగిలించుకుని చెప్పులు వేసుకున్నాను.

"నేను మోస్తాను," అన్నాను.

అది నా దగ్గరికి వచ్చి సంచీని నెమ్మదిగా నా భుజం మీంచి తీసి వాళ్ళమ్మకు ఇచ్చింది. కోపంగా కూడా లేదు.

"వద్దు లా నానా," అంది. "నువ్వొస్తే మళ్ళా రాస్తావు."

వాళ్ళిద్దరూ వెళ్ళిపోయాక చెప్పులు విప్పి, బల్ల దగ్గర కూర్చుని, ఇది మొదలుపెట్టాను.