లైను చివర ఏడున్నర మోటారు

నా చిన్నప్పుడు మా నాయన నాకొక పాఠం నేర్పినాడు. నేర్పుతున్నానని ఆయనకు తెలీదు. తల్చుకుంటే ఈ వయసులో కూడా నాకు అన్నం సయించదు.

మాది ఆదోనికీ ఎమ్మిగనూరుకీ మధ్యలో ఒక మెట్ట పల్లె. ట్రాన్స్‌ఫార్మరు వంక అవతల యాడో ఉండేది. అక్కణ్ణుంచి సన్నటి తీగ పొలాల మీదుగా వచ్చి, చిట్టచివర రెండు బోర్లకు కరెంటిచ్చేది. ఒకటి మాది, రెండోది పక్క చేను చిన్నాయనది. రక్తసంబంధమేమీ లేదు, ఊహ తెలిసినప్పటి నుంచి అట్లా పిలిచినానంతే. ఆయన కూతురూ నేనూ ఏడో తరగతిలో ఒకే బెంచీ. ఆ ఏడు రెండిళ్లవాళ్లూ ఉల్లిగడ్డ పెట్టినారు.

అప్పటిదాకా ఇద్దరికీ ఐదు హార్స్‌పవర్ మోటార్లే. నీళ్లు చాలడం లేదని మా నాయన ఏడున్నరది తెచ్చి దింపినాడు. మాకు కాస్త పెరిగినాయి, చిన్నాయనకు తగ్గినాయి. ఆయన మాత్రం ఊరుకుంటాడా, ఆయనా ఏడున్నర దింపినాడు. అంతే, ఇద్దరికీ పోయినాయి. రెండూ కలిసి వేస్తే మోటార్లు మూలగడమే గానీ, పైపులో చంటిపిల్లోడు ఉచ్చ పోసినంత ధార కూడా రాదు. వారం తిరక్కముందే మాది కాలిపోయింది.

దాన్ని ఆదోనిలో వైండింగ్ చేసే సాహెబు మామ దగ్గరికి తీసుకుపోయినాం. బడికి సెలవని నాయన నన్నూ వెంటబెట్టుకున్నాడు. మామ మోటారు విప్పి, మాడిపోయిన రాగితీగ చుట్ట చూసి, లైను ఎంత దూరమో, చివర ఎన్ని మోటార్లున్నాయో అడిగినాడు. మాటలతో చెబితే మా నాయన తలకెక్కదనుకున్నాడేమో, లారీ బ్యాటరీ ఒకటి ముందర పెట్టి, దానికి సన్న తీగ బారలకొద్దీ తగిలించి, చివర చిన్న బల్బు కట్టినాడు. బాగానే వెలిగింది. పక్కనే రెండోది కట్టినాడు. ఒక్కొక్కటీ కొంచెం తగ్గింది గానీ, మొత్తమ్మీద వెలుగు పెరిగింది. మూడు, నాలుగు కట్టేసరికి అన్నీ ఎర్రగా కునికినాయి, మొదటి ఒక్కదానికున్న వెలుగు కూడా లేదు. తీగ పట్టుకుని చూడమన్నాడు. వేడికి చెయ్యి చురుక్కుమంది.

“తీగ తినేదీ బల్బులు తినేదీ సమానమయ్యేదాకా మీకు పెరుగుతాది బేటా,” అన్నాడు నాతో. “అది దాటి లాగితే తీగ కడుపే నిండుతాది. మీకు తగ్గిపోతాది.”

తర్వాత రెండు బల్బులు నా చేతనే తీయించినాడు. మిగిలిన రెండింటికీ వెలుగు మళ్లీ లేచింది. నాకెంత సంబరమో! ఇద్దరూ మళ్లీ ఐదుకు దిగండి, ఇద్దరి పంటా గట్టెక్కుతాదని మా నాయనకు నచ్చజెప్పినాడు. మా నాయన బుద్ధిగా తలూపినాడు. అంత మంచి మాట అడక్కుండానే చెప్పినాడు ఆ మహానుభావుడు. దాన్ని మా నాయన దేనికి వాడుకుంటాడో ఆయనకేం తెలుసు.

ఊరికి వచ్చినాక నాయన చిన్నాయన దగ్గరికి పోయి, లైను మోయలేదంట, నీ ఏడున్నర కూడా కాలిపోతాది, పైకి తీసి పాతదే దింపుకో అని చెప్పినాడు. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. మేమేం చేస్తామో మాత్రం చెప్పలేదు. మేమూ మారుస్తామనే చిన్నాయన అనుకున్నాడు. మరుసటి రోజే మార్చుకున్నాడు. మా ఏడున్నర కొత్త చుట్టతో మళ్లీ బోరులోకే దిగింది. మనమూ ఐదుకు దిగాల కదా నాయనా అని అడిగినాను. నా మొహం చూడకుండానే, “ఈ మాట ఇంకోసారి నీ నోట రాకూడదు,” అన్నాడు.

మూసుకోమన్న నోరు మూసుకున్నాను. మా మళ్లలో నీళ్లు గలగలా పారినాయి. అవతల చేన్లో పైపు సన్నగా కారేది. గడ్డ ఊరే వేళకు ఆకులు పసుపు తిరిగి వాలిపోయినాయి, పీకితే గోలీలంత గడ్డలు వచ్చినాయి. బోరే ఎండిందనుకున్నాడు చిన్నాయన. మా వైపు పంట పోయినోళ్లు గుంటూరు పక్కకు మిరపకాయలు కోయను పోతారు, సుగ్గికి పోవడమంటాం. ఆ ఏడు వాళ్లూ మూటాముల్లె కట్టినారు. నా పక్కన కూర్చునే పిల్ల బడి మాని అమ్మ వెంట లారీ ఎక్కింది. మళ్లీ బడి మొహం చూడలేదు.

పోయే పొద్దున చిన్నాయన మా ఇంటికి వచ్చినాడు. మా నాయన రెండు చేతులూ పట్టుకున్నాడు. “అన్నా, నువ్వు సెప్పబట్టి నా మోటారన్నా దక్కింది. లేకుంటే అదీ కాలిపోయుండేది,” అన్నాడు. నేను గడపలో నిలబడి ఉన్నాను. మా నాయన నా వైపు ఒక్కసారి చూసినాడు. థూ, ఆ చూపు! కన్నబిడ్డను అట్లా బతిమాలుకునే గతి ఏ తండ్రికీ పట్టకూడదు. నేను నోరు తెరిచుంటే ఆ నిమిషంలోనే అంతా తేలిపోయేది. తెరవలేదు.

ఆ ఉల్లిగడ్డ అమ్మే నన్ను ఎమ్మిగనూరు హాస్టల్లో చేర్పించినారు. చదువుకున్నాను, టీచరునైనాను, ఇప్పుడు పింఛను తీసుకుంటున్నాను. పెద్దోళ్లిద్దరూ లేరు. ఆ పిల్ల, పిల్లేంటిలే, నా మాదిరే ముసల్ది, సంతలో కనబడితే గంప దించి ఆగి మాట్లాడతాది. ప్రతిసారీ మా నాయన మాట ఎత్తుతాది. మీ నాయనంత మంచి మనిషి మళ్లీ పుట్టడక్కా అంటాది. నేను ఊఁ అంటాను. ఇన్నేళ్లుగా అంటానే ఉన్నాను.