పెదనాన్న ఇచ్చిన వాటాలు

నా చిన్నప్పుడు నెల్లూరు దగ్గర కోట అనే ఊళ్ళో మా మేనత్త దగ్గర ఉండి చదువుకున్నాను. ఆమె మిషను బడిలో టీచరు. భర్త పోయి, ఒక్క కొడుకుతో మిగిలిన మనిషి. పెళ్ళినాటి నగలన్నీ మామయ్య చేసిన అప్పుల కింద అత్తవారే తీసుకుపోయారట. ఆమెకంటూ మిగిలింది ట్రంకుపెట్టె అడుగున ఒక కాగితం. మద్రాసులో ఉద్యోగం చేసిన మా పెదనాన్న, అంటే ఆమె పెద్దన్న, పెళ్ళికి కానుకగా ఇచ్చిన కంపెనీ వాటాల పత్రం అది.

ఆ కానుకంటే అత్తకు చిన్నచూపు. "సొంత చెల్లెలికి పిసరంత బంగారం పెట్టలేక కాగితం చేతిలో పెట్టినాడు" అని పెళ్ళిలో బంధువులు నవ్వారట. ఆ మాట ఆమెలో ముల్లులా ఉండిపోయింది. పెదనాన్న మద్రాసు వదిలి తడ అనే ఊరికి వచ్చి స్థిరపడ్డాక కూడా ఆమె ఆ గడప తొక్కింది తక్కువ. ఆయన పోయినప్పుడు సైతం సమాధిలో పిడికెడు మట్టి వేసి, సాయంత్రం బస్సుకే తిరిగొచ్చేసింది.

మరుసటి ఏడు ఆ కంపెనీని ఇంకో పెద్ద కంపెనీ కొనుక్కుంది. వాటాలు అమ్మితే అత్త ఎన్నడూ చూడనంత డబ్బు వచ్చింది. కొడుకు కాలేజీ చదువుకు దిగుల్లేదు. అయితే నెల్లూరులో ఆడిటరు గారు పన్ను కాగితాలు రాస్తూ, మీ అన్నగారు వీటిని ఎంతకు కొన్నారని అడిగారు. కొన్న ధర పోగా మిగిలిన లాభానికే పన్నట. అత్త దగ్గర రసీదు లేదు. చిన్న కంపెనీ కాబట్టి పాత ధర చెప్పేవాళ్ళూ దొరకలేదు.

"ఏదో ఒక అంకె చెప్పండమ్మా, వేసేస్తాను" అన్నాడు అక్కడి గుమాస్తా.

"తెలియంది ఎట్టా చెప్పేది నాయనా? కనుక్కోని వస్తా" అంది అత్త.

ఆ శనివారం నన్ను వెంటబెట్టుకుని తడ వెళ్ళింది. పెద్దమ్మ పాత పెట్టెలన్నీ దించి వెతికింది. ఉన్న కాగితాలను చెదలు తినేశాయి. చివరికి గడప మీద చతికిలబడి చెప్పింది.

"రసీదు లేదు గానీ, ఎట్టా కొన్నాడో తెలుసమ్మా. నా చేతి గాజులు అమ్మి కొన్నాడు. ఆ గాజులే పెట్టొచ్చు కదా అన్నాను. బంగారమైతే ఆ ఇంట్లో దానికి దక్కనీరు, ఇదైతే దాని సంతకం లేకుండా ఎవురూ అమ్ముకోలేరు అన్నాడు."

అత్త, "నాకెందుకు చెప్పలేదు వదినా?" అంది.

"నువ్వు కూచున్నదెప్పుడమ్మా, ఆయన చెప్పేదానికి?"

ఆ గాజులు ఎంతకు పోయాయో పెద్దమ్మకు తెలియదు. రుజువు లేదు కాబట్టి కొన్న ధర దగ్గర సున్నా వేసి, వచ్చిన మొత్తానికీ పన్ను కట్టాలన్నారు ఆడిటరు గారు. పన్నుకు అత్త బాధపడలేదు. అన్న పేరు పక్కన ఆ సున్నాకే బాధపడింది. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, ఎలాగో సంతకం పెట్టింది.

తర్వాత పెద్దమ్మకు కొత్త గాజులు చేయించి తీసుకెళ్ళింది. పెద్దమ్మ తొడుక్కుంది కూడా. అయినా బస్సులో తిరిగొస్తూ అత్త కిటికీ వైపు తిరిగి ఏడుస్తూనే ఉంది. క్షమించమని వదినకు చెప్పుకోగలిగింది, అన్నకు చెప్పుకోలేకపోయింది.

ఇప్పుడు నాది అప్పటి ఆమె వయసు కంటే పెద్ద వయసు. ఎవరైనా నా చేతిలో ఏదైనా పెడితే, అది నచ్చినా నచ్చకపోయినా, వాళ్ళ దగ్గర కాసేపు కూర్చుని మాట్లాడతాను. ఇంత తెలిసీ, కొందరి దగ్గరికి నేనూ ఆలస్యంగానే వెళ్ళాను.