రోకలికెక్కిన గంపలు

నెల్లికుదురు పక్క ఊళ్లో వాన మొహం చాటేసిన ప్రతి ఏడూ ఆడవాళ్లు చిలుకమ్మనే పిలిచేవాళ్లు. రోకలికి కప్పను కట్టి ఇంటింటికీ తిప్పాలి. ప్రతి ఇల్లాలి చేతా దానిమీద చెంబెడు నీళ్లు పోయించాలి. చివరికి చెరువులో వదలాలి. ఈ కప్పతల్లి ఆటకు ముప్పై ఏళ్లుగా పెద్ద ఆమే.

1969 ఆషాఢంలో నారు ఎండిపోతుంటే, చెరువంతా వెతికినా ఆమెకు ఒక్క కప్ప దొరకలేదు.

దొరకదు మరి. రఘునాథ్ పటేల్ ఏడాదిగా జీతగాళ్లతో కప్పలు పట్టించి, కేసముద్రంలో రైలెక్కించి కోస్తా వ్యాపారికి పంపుతున్నాడు. కాళ్లు కోసి విదేశాలకు అమ్ముతారట. అదే పటేల్ సాయంత్రమైతే తెలంగాణ ఉద్యమ సభలో ఎడ్లబండెక్కి, “మన నీళ్లు, మన కొలువులు దోచుకపోతున్నరు” అని గొంతు చించుకునేవాడు. అందరికంటే ముందు చప్పట్లు కొట్టేది ఆ జీతగాళ్లే.

చిలుకమ్మ పటేల్ కొట్టానికి వెళ్లేసరికి, సరుకు కోసం వచ్చిన వ్యాపారి రాత్రి రైలుకని ఐదు గంపల కప్పలమీద తడి గోనెలు కప్పిస్తున్నాడు.

“మీ దిక్కు కప్పలు లేవా అయ్యా?”

“ఎందుకు లేవమ్మా, ఉండేవి. ఉప్పుటేళ్ల పక్కన బురద నేలల్లో అడుగేస్తే కప్పే. సగం మేం పట్టేశాం. ఆ నేలల్నే పొలాలు చేసి మందు కొట్టారు, మిగతావి పోయాయి.” ఏదో ఘనకార్యం చెప్పినట్టే చెప్పాడు.

“ఆడ ఒడిసినంక ఈడికొచ్చినవ్. ఈడ ఒడిస్తే ఏడికి పోతవ్?”

రఘునాథ్ విసుక్కున్నాడు. “నీకు గావల్సింది ఒక్క కప్పనే గదనే. తీస్కపో, జర పనున్నది.”

“ఒక్కటి సాలదు పటేలా, కరువు పెద్దగున్నది.”

బయట పదిమంది ఆడవాళ్లు మూడు రోకళ్లతో నిలబడి ఉన్నారు. పటేల్ తేరుకునేలోపే మూడు గంపలు రోకళ్లకు వేలాడుతూ ఆయన వాకిట్లోకే వచ్చాయి. ఆయన భార్య సత్తెమ్మ ఎప్పటి అలవాటుగా బిందెతో వచ్చి కుమ్మరించింది. కప్పలన్నీ ఒక్కసారి బెకబెకమన్నాయి. నీళ్లు పడ్డాక అది సరుకు కాదు, కప్పతల్లి. చెరువుకు చేరాల్సిందే. కాదంటే వాన పడకపోవడానికి పటేలే కారణమని ఊరు తేల్చేస్తుంది.

“ఇదెక్కడి మోసం?” అన్నాడు వ్యాపారి.

“నువ్వు సుత ఓ చెంబు పొయ్యరాదయ్యా, పున్నెమొస్తది,” అంది చిలుకమ్మ.

మధ్యాహ్నానికి ఆ మూడు గంపల కప్పలూ చెరువులో పడ్డాయి.

సాయంత్రం పటేల్ మళ్లీ బండెక్కాడు. కోస్తావాళ్లు మన చెరువు కప్పల్ని కూడా ఎత్తుకుపోతుంటే తానే అడ్డుపడి విడిపించానన్నాడు. చప్పట్లు మోగాయి. వెనక కూర్చున్న చిలుకమ్మ లేచింది.

“పటేలా, ఇంకో రెండు గంపలు నీ కొట్టంల మర్సిపోయినవ్. గవి సుత విడిపియ్యి.”

పటేల్ బండి దిగలేదు. జనమే లేచి కొట్టం వైపు నడిచారు.