నలభై రెండో తప్పు

కోడిగుడ్డు మీద ఈకలు పీకేవాళ్ళను మనం చాలామందిని చూసుంటాం. తెనాలి వాసిం మాత్రం పీకిన ప్రతి ఈకకూ నంబరు వేసి నోటుబుక్కులో రాసి పెట్టుకునేవాడు. దర్జీ నబీ సాహెబ్ రెండో కొడుకతను. కుట్టు ఒక్కటి పక్కకు పోతే ఆ తండ్రికి ముద్ద దిగదు. అదే గుణం కొడుక్కి కంప్యూటర్ ఆటల దగ్గర అబ్బింది. రోజూ పొద్దున్నే పాసింజరు బండెక్కి బాపట్ల వచ్చి, ఝాన్సీలక్ష్మి గారి నెట్ సెంటర్లో పాడైన కంప్యూటర్లు బాగుచేసి, సాయంత్రం మళ్ళీ తెనాలి చేరేవాడు.

ఇది 2006 నాటి సంగతి. 'సాటర్న్ వాచ్' అని ఒక అంతరిక్షం ఆట ఉండేది, మూడు భాగాలు. శనిగ్రహం చుట్టూ తిరిగే కాపలా ఓడ, అందులో ఆరుగురు మనుషులు, వాళ్ళ మీదికొచ్చే వింత జీవాలు. అందరూ తుపాకులు పేల్చుకుంటుంటే మన వాసిం ఆ ఓడ గోడలు పరీక్షగా చూసేవాడు. మొదటి భాగంలో నాలుగు తలుపులున్న ఓడకు రెండో భాగంలో ఐదెలా వచ్చాయి? డాక్టరమ్మ గాయం ఎడమ భుజం నుంచి కుడి భుజానికి ఎప్పుడు మారింది? ఇవన్నీ ఏరి, ఇంగ్లీషుతో కుస్తీ పట్టి, ఆ ఆట అభిమానులు వాదించుకునే ఫోరంలో పెట్టేవాడు. ఎక్కడో పోలండు వాడో బ్రెజిల్ వాడో 'భలే పట్టావు' అని రాస్తే ఆ పూట సంతోషంతో అన్నం కూడా సహించేది కాదు.

"కందకు లేని దురద కత్తిపీటకెందుకయ్యా? తయారుచేసినోళ్ళే పట్టించుకోలేదు," అనేవారు ఝాన్సీలక్ష్మి గారు.

ఆదివారాలు ఆ సెంటర్లో పెద్ద సభే జరిగేది. వాసింకు ఎదురు నిలిచేవాడు అక్కడ ఒక్కడే, శివనాగరాజు. సూర్యలంక వాడు, పడవ మీద చేపల వేటకు పోతాడు. పది దాకా చదివాడు. పెళ్ళయి ఏడాది కాలేదు. వేట లేని రోజు తలకు నూనె రాసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని ఆట ఆడుకోవడానికి వచ్చేవాడు. ఇద్దరికీ ప్రాణస్నేహం, ఇద్దరికీ తగువూ. ఆ తగువంతా కోవెల్ దగ్గరే.

కోవెల్ ఆ ఓడలో మెకానిక్కు. మొదటి భాగం చివర ఓడ బయట మరమ్మతు చేస్తుంటే తాడు తెగి శూన్యంలోకి కొట్టుకుపోతాడు. పదకొండు నిమిషాలకు సరిపడా గాలే మిగిలిందని తెర మీద అంకె చూపిస్తుంది. రెండో భాగంలో చనిపోయినవాళ్ళ జాబితాలో వాడి పేరుంటుంది. మూడో భాగంలో చూస్తే వాడే నవ్వుకుంటూ తలుపు తీసుకుని లోపలికొస్తాడు! ఎలా వచ్చాడో వాడు చెప్పడు, మిగతావాళ్ళు అడగరు.

"పచ్చి తప్పు. కథ రాసినోడు ముందు భాగం మర్చిపోయాడు," అనేవాడు వాసిం.

"తప్పేంటిరా? పోయాడనుకున్నోడు తిరిగొస్తే ఎట్టా వచ్చావని నిలదీస్తారా? మా రేవులో అయితే ముందు గంజి పోస్తారు," అనేవాడు నాగరాజు.

"పదకొండు నిమిషాల గాలిరా బాబూ!"

"ఏదో ఒకటి దొరికుంటదిలే. చెక్కముక్కో, డబ్బానో."

"శూన్యంలో చెక్కముక్క ఎక్కడిదిరా?"

సెంటరంతా ఘొల్లుమనేది.

అక్టోబరులో ఒక ఆదివారం ఈ వాదన ముదిరింది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం వాసిం. ఆ రోజు ఎలాగైనా నాగరాజు చేత ఓటమి ఒప్పించాలని పంతం పట్టాడు. నోటుబుక్కు తెరిచి నలభై రెండో నంబరు వేసి ముందుకు తోశాడు. "కోవెల్ చచ్చిపోయాడు, ఇక తిరిగిరాడు అని నీ చేత్తో రాసి సంతకం పెట్టు."

నాగరాజు మొహంలో నవ్వు పోయింది. "వద్దురా. రేపు వేటకి పోవాలి. పోయేముందు ఆ మాట మేం అనం. పోతున్నామని కూడా అనం, వస్తామనే అంటాం."

"పది చదివినోడివి, ఇదేం పిచ్చిరా?"

"వద్దన్నానా?"

"ఓడిపోయానని భయం, అంతేగా?"

"భయం కాదు, వద్దు," అన్నాడు నాగరాజు మూడోసారి. చుట్టూ ఉన్నవాళ్ళు ఈలలు వేశారు. నలుగురిలో నామోషీ అనిపించిందో, స్నేహితుడి మాట తీసెయ్యలేకపోయాడో, చివరికి తనే నవ్వేసి పెన్ను అందుకున్నాడు. గుండ్రటి అక్షరాలతో ఆ వాక్యం రాసి, కింద సంతకం పెట్టాడు. వాసిం ఆ పేజీని ఎత్తి అందరికీ చూపించాడు.

ఆ వారంలోనే వాయుగుండం పట్టింది. నాగరాజు వాళ్ళ పడవ తిరగబడింది. నలుగురిలో ముగ్గుర్ని వేరే పడవ వాళ్ళు లాగి ఒడ్డుకు చేర్చారు. నాగరాజు దొరకలేదు. పది రోజులు వెతికి మానేశారు.

నెల తర్వాత ఒక మధ్యాహ్నం సెంటరు గుమ్మంలో చేపల గంప దించి ఒకావిడ లోపలికి తొంగిచూసింది. నాగరాజు తల్లి రత్తాలు. బాపట్ల వీధుల్లో చేపలమ్ముతుంది.

"వాసిం అంటే నువ్వేనా బాబూ? మావోడు అన్నం దగ్గర కూర్చుని ఆ ఆట కథంతా చెప్పేవాడు. ఎవడో కోవెలంట, పోయాడనుకున్నోడు వచ్చాడంట గదా. ఎట్టా వచ్చాడ్రా అంటే, నాకు తెలీదమ్మా, వాసింకి అన్నీ తెలుసనేవాడు. ఎట్టా వచ్చాడయ్యా?"

వాడు రాలేదు, అది తప్పు అని చెప్పాలి. ఏడాది పాటు ఊరందరితో వాదించిన మాటే అది. ఆమె కళ్ళలోకి చూసి వాసిం ఆ ముక్క అనలేకపోయాడు.

"ఇంకో ఓడ వాళ్ళు చూసి ఎక్కించుకున్నారు పిన్నీ," అన్నాడు.

"అదీ! నేననుకుంటానే ఉన్నా," అంది రత్తాలు. గంప ఎత్తుకుని హుషారుగా వెళ్ళిపోయింది.

మరుసటి వారం మళ్ళీ వచ్చింది. ఆ పై వారమూ వచ్చింది. ఆ ఓడ ఎవరిది? వాడికేం పెట్టారు? ఇంటికి కబురెందుకు పంపలేదు? వాసిం ఒక్కోటీ అల్లి చెప్పేవాడు. అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. మన వాసింకు అతకడం రాలేదు.

"అదేంటయ్యా, పోయినసారి ముసలాయన గంజి పోశాడన్నావు, ఇప్పుడు ఆడమనిషంటావే?" అని అడిగేసింది రత్తాలు. చదువు లేకపోయినా ఒక్క మాట మర్చిపోయే మనిషి కాదు. లోకంలో తప్పులన్నీ పట్టేవాడు ఆమెకు దొరికిపోయాడు. అప్పటినుంచి తన అబద్ధాలు తనకే తారుమారు కాకుండా అదే నోటుబుక్కు చివరి పేజీల్లో రాసుకోవడం మొదలెట్టాడు. రాస్తున్నప్పుడల్లా ఛీ అనిపించేది. మానలేకపోయేవాడు.

ఫిబ్రవరిలో నాగరాజు భార్య రాధారాణి వచ్చింది. ఇరవై ఏళ్ళ పిల్ల, పుట్టిల్లు రేపల్లె. కూర్చోమన్నా కూర్చోలేదు.

"అన్నా, నీ కథ నన్ను చంపేస్తోంది," అంది. "ఆయన వస్తాడని అత్త కర్మ చెయ్యనివ్వదు. రోజూ సాయంత్రం నన్ను రేవులో నిలబెడతది, ఆయనకి ముందు నేనే కనపడాలంట. ఆయన పళ్ళెంలో అన్నం వడ్డించాలి. మా నాన్న ముత్యాలరావు రెండుసార్లొచ్చి తీసుకెళ్తానంటే తిట్టి పంపేసింది. ఏడిస్తే అపశకునమని నన్ను ఏడవను కూడా ఏడవనివ్వదు. నా మొగుడి కోసం నేను ఏడవొద్దా అన్నా?"

"ఇప్పుడు కాదంటే నా మాట నమ్ముతుందామ్మా?"

"నీ మాట నమ్మదేమో. ఆయన మాటైతే నమ్మేది."

వాసింకు నలభై రెండో పేజీ గుర్తొచ్చింది. అసలు మర్చిపోతేగా! అది చూపిస్తే ఈ పిల్లకు విడుదల. అది చూపిస్తే రాయించిందెవరో ఆ తల్లికి తెలుస్తుంది. మూడు రోజులు తన్నుకులాడాడు. ఆదివారం నాడు నోటుబుక్కు చంకలో పెట్టుకుని సూర్యలంక ఆటో ఎక్కాడు.

గుంటూరు నుంచి వచ్చిన జనంతో ఒడ్డంతా కోలాహలంగా ఉంది. జాలరిపేటలో రత్తాలు గుమ్మం ముందు చేపలు ఎండబెడుతోంది. అతన్ని చూసి పీట వేసింది.

"పిన్నీ, నేను చెప్పిందంతా అబద్ధం," అన్నాడు వాసిం. "కోవెల్‌ని ఎవరూ ఎక్కించుకోలేదు. ఆ కథ రాసినోళ్ళు పొరపాటు చేశారు. వాడు మొదట్లోనే పోయాడు."

రత్తాలు నవ్వింది. "ఎవరన్నారు?"

అతను పేజీ తీసి, మాటలు విని గుమ్మంలోకొచ్చిన రాధారాణి చేతికిచ్చాడు. ఆ పిల్ల చదవబోయి, రెండో మాట దగ్గర ఆగి, మళ్ళీ గొంతు కూడగట్టుకుని పూర్తిగా చదివింది. రత్తాలు ఆ నోటుబుక్కు లాక్కుంది. గుమ్మం పక్క గోడ మీద నాగరాజు ఎప్పుడో నీలిరంగుతో రాసుకున్న పేరు పక్కన ఆ పేజీ ఆనించి, ఒక్కో అక్షరం మీదా వేలు పెట్టి పోల్చి చూసుకుంది.

"మావోడిదే," అంది. "ఎప్పుడు రాశాడు?"

"వేటకి పోయే ముందు రోజు."

"వాడంతట వాడు ఈ మాట రాయడు. ఎవరు రాయించారు?"

"నేనే పిన్నీ."

"వద్దనలేదా?"

ఒక్కసారే అన్నాడని చెప్పినా ఇక్కడ పట్టుకునేవాళ్ళు లేరు. వాసిం తల వంచుకున్నాడు. "మూడుసార్లు వద్దన్నాడు."

రత్తాలు కొట్టలేదు, శాపనార్థాలు పెట్టలేదు. కొట్టినా బాగుండేదని వాసిం ఆ తర్వాత చాలాసార్లు అనుకున్నాడు. ఆమె కోడలి వైపు తిరిగి, "మీ నాన్నకి కబురు పెట్టు," అంది. రాధారాణి గోడకు జారగిలబడి నాలుగు నెలల ఏడుపు ఒక్కసారిగా ఏడ్చింది.

"ఈ కాయితం నా దగ్గరుండనియ్యి," అని పేజీ చింపుకుని నోటుబుక్కు అతనికిచ్చేసింది రత్తాలు. "నువ్వు మళ్ళీ నా గడప తొక్కొద్దు బాబూ."

మనిషి దొరకనప్పుడు దర్భలతో బొమ్మ చేసి దానికి దహనం చేస్తారు. ఆ గురువారం సముద్రపు ఒడ్డున నాగరాజు బొమ్మకూ అలాగే చేశారు. వాసిం దగ్గరికి పోలేక దూరంగా సరుగుడు చెట్ల కింద నిలబడ్డాడు. నిప్పు పెట్టబోతుంటే రత్తాలు ఆగమంది. కొంగు ముడి విప్పి, మడత పెట్టిన ఆ కాగితం తీసి బొమ్మ గుండె మీద పెట్టింది. గోడ మీది ఆ పేరు కాక, కొడుకు చేత్తో రాసింది ఆమె దగ్గర ఇంకేదీ మిగల్లేదు.

గాలికి అది లేచిపోబోతే, నిప్పంటుకునేదాకా అరచేత్తో అదిమిపట్టుకుని కూర్చుంది.