త్రివేణి కొట్టని కొబ్బరికాయ

ఏప్రిల్ నెలాఖరులో ఒక గురువారం శాంటా క్లారా తెలుగువాళ్ళలో సగంమందికి పంటినొప్పి వస్తుంది. డెంటిస్ట్ దగ్గరికి వెళ్ళాలని మేనేజర్లకు చెప్పి, ఎండ ఉండగానే ఆఫీసుల్లోంచి బయటపడి తిన్నగా ఉదయ్ ఇంటికి వస్తారు. ఆ రోజు అమెరికన్ ఫుట్‌బాల్ డ్రాఫ్ట్. దేశంలోని టీములన్నీ వంతులవారీగా కాలేజీ కుర్రాళ్ళను ఏరుకునే రోజు. ఆట ఉండదు, గెలుపూ ఉండదు. ఒకాయన మైకు ముందుకొచ్చి పేరు చదువుతాడు, అంతే. ఆ ఒక్క పేరు కోసం ఉదయ్ హాల్లో జరిగే వాదన వింటే మాత్రం అన్నదమ్ముల ఆస్తి పంపకాలేమో అనుకుంటారు.

ఆ హాల్లో ఆఖరి కుర్చీ, వంటగది గుమ్మం పక్కది, త్రివేణిది. ఉదయ్ స్నేహితుడు రాజీవ్ భార్య. కొత్తగా వచ్చినవాళ్ళకు ఆమెను అలాగే పరిచయం చేస్తారు. నిజానికి రాజీవ్ సగం ఆటలు నిద్రలోనే చూస్తాడు. ఆమె ఒక్కటీ వదలదు.

ఆ ఇంట్లో డ్రాఫ్ట్ రోజుకు రెండు ఆచారాలున్నాయి. రెండూ ఉదయ్ వాళ్ళమ్మ ఛాయాదేవి గారు పెట్టినవే. మొదటిది, మన ఊరి టీము ఏరుకునేదాకా ఏ ఆటగాడి పేరూ పైకి అనకూడదు, దిష్టి తగులుతుంది. అందుకని అందరూ రాష్ట్రం పేరుతో చెప్పుకుంటారు, టెక్సాస్ కుర్రాడనీ, ఒహాయో పిల్లాడనీ. లక్షల కోడ్ లైన్లు రాసిన ఇంజనీర్లు ఈ నియమాన్ని భార్య పేరు పలకని పాతకాలపు మొగుళ్ళలా పాటిస్తారు. రెండోది, టీము వంతు రాకముందే ప్రతివాళ్ళూ ఒక్క కుర్రాణ్ణి చెప్పి, ఎందుకో వాదించాలి. చెప్పాక మాట మార్చకూడదు. టీము ఆ యేడు మొదట ఏరుకున్నవాడు ఎవరు చెప్పినవాడైతే, వాళ్ళు డ్రైవ్‌వే అంచున కొబ్బరికాయ కొడతారు. సీజన్ మొదటి ఆటనాడు ముందు సోఫా, చేతిలో రిమోట్ వాళ్ళవి.

త్రివేణి ఒక్కసారీ కొట్టలేదు. ఎందుకంటే ప్రతి యేడూ ఆమె గార్డునే చెబుతుంది.

గార్డంటే ముందు వరసలో నిలబడే భారీ మనిషి. బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ మీదికి అవతలివాళ్ళు వచ్చి పడకుండా అడ్డుకోవడమే వాడి పని. బంతి ముట్టడు, పాయింటు తేడు, వాడి పేరున్న చొక్కా ఏ పిల్లవాడూ తొడుక్కోడు. అభిమానులకు కావాల్సింది రిసీవర్, గాల్లోకి ఎగిరి బంతి పట్టి పరుగెత్తేవాడు. కాబట్టి త్రివేణి వంతు వచ్చేసరికి, అదీ అందరికన్నా ఆఖర్న, ఛాయాదేవి గారి మిరపకాయ బజ్జీలు మూకుడులోంచి దిగుతాయి. ఆమె నోరు తెరవగానే జనం లేస్తారు. ప్రతి యేడూ తన మాట పూర్తయ్యేసరికి త్రివేణి ఎదుట ఖాళీ సోఫాలే మిగిలేవి. దాంతో ఆమెకు కడుపు మండిపోయేది.

ఆమె ఈ ఆటలో పడింది ఖాళీ రోజుల్లో. వరంగల్లులో ఇంజనీరింగ్ చదివి, పెళ్ళయి, పనిచేయడానికి వీల్లేని వీసా మీద వచ్చి అపార్ట్‌మెంట్‌లో కూర్చున్నప్పుడు, ఆదివారాలు టీవీ ముందు మొగుడు దేనికి అరుస్తున్నాడో తెలుసుకుందామని చూడటం మొదలుపెట్టింది. రాజీవ్ బంతిని చూడమన్నాడు. ఆమెకు బంతి కనిపించలేదు, మధ్యలో కింద పడిన లావాటి మనిషి కనిపించాడు. వాడెందుకు పడ్డాడని అడిగింది. "వాడితో మనకేం పని, బంతి చూడు" అన్నాడతను. ఆరోజు నుంచి ఆమె బంతిని చూడలేదు. తర్వాత వర్క్ పర్మిట్ వచ్చి సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగంలో చేరింది. అక్కడా అదే పని, అందరూ మెచ్చుకునే బొమ్మను వదిలేసి, అది ఎక్కడ విరుగుతుందో వెతకడం.

ఒక యేడు సీజన్‌లో మన టీము క్వార్టర్‌బ్యాక్ భుజం విరిగింది. బంతి అందుకునేవాడు లేక వాడు చేతిలో ఉంచుకున్నాడు, అందుకే దెబ్బ తిన్నాడని మగవాళ్ళంతా తేల్చారు. కాబట్టి తర్వాత ఏప్రిల్లో వచ్చిన డ్రాఫ్టుకు హాలంతా ఒకే మాట మీద ఉంది, టెక్సాస్ రిసీవర్.

"నెబ్రాస్కా గార్డు" అంది త్రివేణి.

నవ్వులు లేచాయి. ఉదయ్ పక్కింటి తేజేశ్వర్ ముందు సోఫాలోంచి వెనక్కి తిరిగాడు. "ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అంటే ఇదేనండీ!"

"మన క్వార్టర్‌బ్యాక్ తలెత్తి చూసేలోపే మీద పడ్డరు. ఎవరు పట్టుకుంటే ఏం లాభం? గోడ లేకుంట బొమ్మ ఎక్కడ గీస్తరు?" అంది త్రివేణి. అప్పటికే బజ్జీల వాసన హాల్లోకి వచ్చింది, జనం లేస్తున్నారు.

ఉదయ్ మంచివాడు. ప్లేటు పట్టుకుని ఆమె దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. "వదినా, ఈసారి రిసీవర్ ఖాయం. నువ్వు కూడా వాణ్ణే చెప్పెయ్. అందరం కలిసి చెప్పాం కాబట్టి కాయ నీ చేత కొట్టిస్తాను. మా అమ్మ కూడా సంతోషిస్తుంది."

"చెప్పరాదే త్రివేణీ, ఒక్కసారి," అన్నాడు రాజీవ్. తర్వాత ఉదయ్ వైపు తిరిగి తల ఊపాడు. "లాభం లేదు రా. తను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు."

త్రివేణికి ఆశ కలగలేదని చెబితే అబద్ధం. దేవుడి గూటి ముందు పసుపు, కుంకుమ బొట్టుతో కాయ కనిపిస్తూనే ఉంది. ఎన్నో యేళ్ళుగా దాన్ని ఎవరో ఒకరు కొడుతుంటే పక్కన నిలబడి చప్పట్లు కొట్టింది. అయినా ఆమె బుర్ర అడ్డంగా ఊపింది. "చెప్పిన మాట చెప్పినట్టే ఉండనీయి ఉదయ్. నాకు గార్డే కనబడుతుండు."

టీము వంతు వచ్చింది. హాలంతా టీవీ వైపు తిరిగింది. తీరా చూస్తే టీము ఎవరినీ ఏరుకోలేదు. ఆ వంతును ఇంకో టీముకు ఇచ్చేసి, డ్రాఫ్ట్ మూడు రోజులు సాగుతుంది కాబట్టి బదులుగా మర్నాటి వంతులు తీసుకుంది. అందరూ ఒక్కసారిగా తిట్టడం మొదలుపెట్టి, తిట్టుకుంటూనే చెప్పులేసుకున్నారు. పెళ్ళికొడుకు రాని పెళ్ళికి వచ్చినట్టుందని తేజేశ్వర్ విసుక్కున్నాడు.

"రేపు ఉంది కదా. మొదట ఏరుకున్నోడే లెక్క, గురువారమే ఏరుకోవాలని ఎవరన్నరు?" అంది త్రివేణి. వాకిట్లో కార్లు స్టార్టవుతున్నాయి, ఎవరూ వినలేదు.

మర్నాడు ఆమెకు పంటినొప్పి రాలేదు. మేనేజర్‌తో డ్రాఫ్ట్ చూడాలి, వెళ్తున్నానని చెప్పేసి వచ్చింది. రాజీవ్‌కు మీటింగ్. ఉదయ్ కూడా ఆఫీసులోనే ఉన్నాడు. తలుపు తీసిన ఛాయాదేవి గారు ఆమెను చూసి కంగారుపడ్డారు.

"ఇవాళ ఎవరూ రారన్నాడమ్మా ఉదయ్. బజ్జీలు కూడా వేయలేదు."

"బజ్జీల కోసం రాలేదు ఆంటీ."

పెద్దావిడ టీవీ పెట్టి సోఫాలో తన పక్కన చోటు చూపించారు. త్రివేణి వెళ్ళి గుమ్మం పక్కనున్న తన కుర్చీలోనే కూర్చుంది. ముందు సోఫా కాయ కొట్టినవాళ్ళదని చెప్పింది. ఛాయాదేవి గారు నవ్వి, త్రివేణి వచ్చిందని ఉదయ్‌కు మెసేజ్ పెట్టి, తనే వెనక్కి వచ్చి ఇంకో కుర్చీ లాక్కున్నారు.

పేర్లు ఒక్కొక్కటే వెళ్ళిపోతున్నాయి. టెక్సాస్ రిసీవర్ కిందటి రోజే ఎవరికో వెళ్ళిపోయాడు. నెబ్రాస్కా గార్డు ఇంకా మిగిలే ఉన్నాడు. మన టీముకు ముందు ఒకే ఒక్క వంతు మిగిలింది. పట్టుకోవడానికి చీర కొంగైనా లేక త్రివేణి మెడలోని ఆఫీసు బ్యాడ్జీ తాడు పిడికిట్లో చుట్టుకుంది. ఆ వంతు వచ్చిన టీము నెబ్రాస్కా గార్డును ఎగరేసుకుపోయింది.

ఆమె ప్రాణం ఉసూరుమంది. ఏడుపు కూడా వచ్చింది. ఫుట్‌బాల్ కోసం ఏడ్చానని ఎవరికైనా చెబితే నవ్వుతారని కళ్ళు తుడుచుకుంది. అంతలో మన టీము వంతు వచ్చింది. మైకు దగ్గరాయన పేరు చదివాడు. ఒరెగాన్ నుంచి ఒక గార్డు.

ఛాయాదేవి గారి ఫోను మోగింది. స్పీకర్‌లో ఉదయ్ అరుపు, వెనక కాన్ఫరెన్స్ కాల్‌లో రాజీవ్, తేజేశ్వర్. "గార్డు! వదినా, గార్డే! నువ్వు చెప్పిందే! అమ్మా, వదిన చేత కాయ కొట్టించు!"

పెద్దావిడ అప్పటికే కాయ తెచ్చి ఆమె చేతిలో పెట్టారు. బరువైన కాయ, లోపల నీళ్ళు కదులుతున్నాయి. త్రివేణి దాన్ని రెండు చేతులతో పట్టుకుంది.

"నేను చెప్పినోడు వీడు కాదు," అంది.

"గార్డంటే గార్డే కదండీ!" తేజేశ్వర్ గొంతు.

"మీరు రిసీవర్ అన్నప్పుడు ఎవడైనా సరే అన్నరా తేజేశ్వర్ గారూ? వేరే రిసీవర్ వచ్చిన యేడు కాయ కొట్టిన్రా? నాకెందుకు వేరే రూలు? నిన్న కలిపి ఇస్తమన్నరు, ఇయ్యాల జాలిపడి ఇస్తున్నరు. నాకొద్దు."

అక్కడితో ఆపేద్దామనుకుంది గానీ, ఇన్నేళ్ళ మంట ఆగలేదు.

"నాకు కావాల్సింది కాయ కాదు ఉదయ్. నేను మాట్లాడేటప్పుడు మీరు లేచిపోకుండ కూర్చోండి. చాలు."

ఆమె కాయను తీసుకెళ్ళి దేవుడి గూట్లో పెట్టేసి, కారెక్కి వెళ్ళిపోయింది. శనివారం ఛాయాదేవి గారు దాన్ని పచ్చడి చేసి ఓ డబ్బా ఆమెకు పంపారు. పచ్చడి మాత్రం త్రివేణి వద్దనలేదు, ఇడ్లీలు వేసుకుని శుభ్రంగా తింది.

ఆ సీజనంతా మన క్వార్టర్‌బ్యాక్ నిలబడే ఉన్నాడు. నిలబడి విసిరితే పట్టేవాళ్ళు చాలాసార్లు జారవిడిచారు. ఉదయ్ హాల్లో ఒక కొత్త అలవాటు మొదలైంది. ఎవరైనా రీప్లే ఆపి ముందు వరస చూపించి, ఆ ఒరెగాన్ వాణ్ణి మెచ్చుకునేవారు. త్రివేణి వైపు ఓరగా చూసేవారు.

మళ్ళీ ఏప్రిల్ వచ్చింది, మళ్ళీ అందరికీ పంటినొప్పి వచ్చింది. ఈసారి హాల్లో అంతా ముందు వరస పండితులే. అయోవా గార్డు మంచివాడా, విస్కాన్సిన్ గార్డు మంచివాడా అని టీవీ పెట్టకముందే గొడవ. ఉదయ్ లేచి నిలబడ్డాడు. ఆ ఇంట్లో మొదటి మాట ఎప్పుడూ అతనిదే.

"ఈసారి ముందు వదిన చెబుతుంది" అన్నాడు.

ఆమె లేచి ముందుకు రాలేదు. వాళ్ళే సోఫాల్లో వెనక్కి తిరిగారు. రాజీవ్ అందరికన్నా ఆత్రంగా చూస్తున్నాడు, ఇంట్లో వారం రోజులుగా అడిగినా ఆమె అతనికి చెప్పలేదు.

"రిసీవర్," అంది త్రివేణి. "ఫ్లోరిడా కుర్రాడు."

హాలు గగ్గోలెత్తింది. "అదేంటి వదినా! నిన్ను చూసేగా మేమంతా గార్డుల్లోకి దిగాం!" అన్నాడు ఉదయ్.

"గోడ లేచింది కదా. ఇగ బొమ్మ గీసేటోడు కావాలె. నేను ఏ రోజూ గార్డు కావాలని కొట్లాడలే. పగులు ఎక్కడుందో అక్కడ చూడమని కొట్లాడిన."

తేజేశ్వర్ ఒక ప్రశ్న అడిగాడు. వెక్కిరింత కాదు, నిజంగా ప్రశ్న. ఆమె జవాబు చెప్పింది. ఉదయ్ ఇంకోటి అడిగాడు. కిందటి సీజన్‌లో ఏ బంతి ఎక్కడ జారిందో ఆమె చేతులతో చూపించి చెబుతోంది, వాళ్ళు ముందుకు వంగి వింటున్నారు.

ఛాయాదేవి గారు పొగలు కక్కుతున్న బజ్జీల పళ్ళెం తెచ్చి బల్ల మీద పెట్టారు. ఎవరూ కదల్లేదు. ఆవిడ వంటగదిలోకి వెళ్ళి, మళ్ళీ వచ్చారు.

"బజ్జీలు చల్లారిపోతున్నాయిరా!"

"ఉండమ్మా," అన్నాడు ఉదయ్, త్రివేణి మీంచి చూపు తిప్పకుండానే. "వదిన చెబుతోంది."