పెరూ కోసం ఎక్కిన మెట్లు

ఆ రోజుల్లో నాకొక జబ్బు ఉండేది. ఎక్కడున్నా అక్కడ ఉండలేకపోవడమే ఆ జబ్బు. కాకినాడలో ఉన్నప్పుడు మనసు హైదరాబాదు మీద ఉండేది, హైదరాబాదు చేరాక గల్ఫ్ మీదికి పోయింది. తీరా బహ్రెయిన్ వచ్చి, ముహర్రక్‌లో విమానాశ్రయం దగ్గర్లో ఫ్లాటు తీసుకున్నాక, నెత్తి మీదుగా లేచే ప్రతి విమానాన్నీ చూసి 'ఇదెక్కడికి పోతోందో' అని నిట్టూర్చడం మొదలుపెట్టాను. (ఆ చప్పుడుకి మిగతా అద్దెదారులు నిద్ర పట్టక నిట్టూర్చేవారు. నేను అందులో లేనందుకు నిట్టూర్చేవాణ్ణి.) ఇంజనీరింగ్ కంపెనీలో డ్రాఫ్ట్స్‌మన్ ఉద్యోగం, కొత్తగా పెళ్ళి, వేళకి జీతం, అన్నీ ఉన్నాయి. వాన లేదు, కొండ లేదు, ఎటు చూసినా ఇసక, ఇసక అయిపోతే సముద్రం. వానలో తడిసిన కొండ ఒకటి చూడకపోతే చచ్చిపోతానేమో అనిపించేది.

అలాంటివాడి ముందు మా లెబనాన్ మేనేజరు ఒక ఉదయం టీ తాగుతూ, పెరూలో కొత్త ఆఫీసు తెరుస్తున్నామనీ, మనలో ఒకరిని పంపాల్సి రావచ్చనీ అన్నాడు. ఆ 'రావచ్చు' పూర్తయ్యే లోపే నా చెయ్యి గాల్లోకి లేచింది. పక్క టేబులు దగ్గర తమిళాయన ఉండేవాడు. భోజనానికి తప్ప కుర్చీలోంచి లేవడు కాబట్టి ఆయనకి 'విగ్రహం' అని పేరు పెట్టుకున్నాం. ఆయన తల ఎత్తకుండా పెన్సిలు చెక్కుకుంటూ ఉండిపోయాడు. పాపం, లోకజ్ఞానం లేని మనిషి అని జాలిపడ్డాను.

ఇంటికెళ్ళి మా ఆవిడతో చెప్పాను. "పెరూ ఎక్కడుందండీ?" అంది. దక్షిణ అమెరికాలో, కొండల మీద అన్నాను. "అక్కడ మనకెవరున్నారు?" అంది. "ఎవరూ లేరు, అదే కదా మజా!" అన్నాను. ఆవిడ పప్పులో తాలింపు వేసింది. ఆ తాలింపు మామూలుకంటే గట్టిగా చిటపటలాడినట్టు నాకు ఇప్పుడనిపిస్తోంది, అప్పుడు వినిపించలేదు.

వేరే దేశానికి వెళ్ళేముందు తెలుసుకోవలసినవి తెలుసుకోవాలి కదా. శుక్రవారం సెలవు రోజున చర్చిలో మా తెలుగు సంఘం ఆరాధన అయ్యాక అందర్నీ అడిగాను. ఒక్కరూ పెరూ మొహం చూసినవాళ్ళు కారు గానీ, పెరూ గురించి తెలియనివాళ్ళూ ఒక్కరు లేరు. మూడుపూటలా బంగాళాదుంపలే తినాలని ఒకరు, చలికి మంచినీళ్ళు గడ్డ కడతాయని ఒకరు అన్నారు. సంఘం పెద్దాయన మాత్రం నన్ను పక్కకి తీసుకెళ్ళి, "బాబూ, అసలు సంగతి ఊపిరి. అంత ఎత్తులో గాలి ఉండదు. ముందే అలవాటు చేసుకోకపోతే విమానం దిగీదిగ్గానే పడిపోతావ్," అని హెచ్చరించి, అక్కడొక తెలుగు సంఘం స్థాపించే బాధ్యత కూడా నా మీద పెట్టి, తల మీద చెయ్యేసి ప్రార్థన చేశారు.

ఎత్తు అలవాటు చేసుకోవాలంటే బహ్రెయిన్‌లో ఎత్తేది? కొండ అని పేరున్నది ఒకటుంది గానీ, కారులో వెళితే ఎక్కామన్న సంగతి దిగాక తెలుస్తుంది. అందుకని మా బిల్డింగు మెట్లనే ఎన్నుకున్నాను. మా అత్తగారు కొరియర్లో పంపిన స్వెట్టరూ మంకీ టోపీ తొడుక్కుని, ముక్కు మూసుకుని, డాబా దాకా ఎక్కి దిగేవాణ్ణి. అది ఆగస్టు అని మనవి. కాపలా పఠాన్ మొదటిరోజు నన్ను చూసి హడలిపోయి, "క్యా హువా భాయ్, లిఫ్ట్ ఖరాబ్ హై?" అన్నాడు. "నహీ, పెరూ జానా హై," అన్నాను. మర్నాటినుంచీ నేను కనబడితే అతను మంచినీళ్ళ సీసా పట్టుకుని కింద నిలబడేవాడు.

గల్ఫ్‌లో దేశం విడిచేవాళ్ళు సామాను పంచేసి పోవడం రివాజు. టికెట్ చేతికొచ్చాక పంచుతారు. నేను చెయ్యెత్తిన వారానికే పంచాను. సోఫా, టీవీ పై అంతస్తులో ఉండే కరీంనగర్ అన్నకి ఇచ్చాను. ఆయన సోఫా మోసుకుపోతూ, "ఏందే తమ్మీ, గా పెరూల ఏమున్నదని ఉర్కుతున్నవ్? దుబాయిల ఏం తక్కువైంది నీకు?" అన్నాడు. (బహ్రెయిన్ కూడా ఆయనకి దుబాయే.) మంచం, బల్ల, బీరువా తలోచోటికీ పోయాయి. మా ఆవిడ మిక్సీ మీద చెయ్యేసి, "ఇది మాత్రం నేను పోయాక ఇవ్వండి," అంది. అలా ఖాళీ ఇంట్లో పేపరు పరుచుకుని భోంచేస్తూ, పెట్టె మీద కూర్చుని, పిలుపు కోసం ఎదురుచూశాం. వీడ్కోలు విందులు అయిపోయాయి. విందు తిన్నవాడు ఇంకా కనబడుతుంటే జనం చూసే చూపు ఒకటుంటుంది, దానికి భయపడి శుక్రవారాలు వెనక వరసలో కూర్చోసాగాను. సాయంత్రాలు టీవీ కోసం పైకి వెళితే అన్న, "కూసో తమ్మీ, నీ ఇల్లే అనుకో," అనేవాడు. ఇల్లు సంగతి తెలియదు గానీ సోఫా నాదే.

చివరికి మేనేజరు పిలిచాడు. పెరూకి విగ్రహాన్ని పంపుతున్నాట్ట! "ఒమాన్ అన్నా నీ చెయ్యే లేచింది, ఖతార్ అన్నా నీ చెయ్యే లేచింది. అక్కడికెళ్ళాక ఇంకో దేశం పేరు వింటే మళ్ళీ ఎత్తుతావు. నాకు కూర్చుని పని చేసేవాడు కావాలి. ఖలాస్," అన్నాడు. ఆ సాయంత్రం లిఫ్ట్ సంగతి మరిచిపోయి, అలవాటు కొద్దీ మెట్లెక్కాను. స్వెట్టరు లేదు, ముక్కూ మూసుకోలేదు, అయినా నిజంగానే ఊపిరాడలేదు.

మా ఆవిడ పెట్టె మీద కూర్చుని ఉంది. విన్నాక నవ్వుతుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను. రెండూ చెయ్యలేదు. "నాకు పెరూ అయినా ఒకటే, ఇదైనా ఒకటే. మిమ్మల్ని నమ్ముకుని సముద్రం దాటొచ్చాను. మీరేమో ఇంట్లో ఉండి కూడా ఇంట్లో ఉండరు. నాకు భయంగా ఉందండీ," అంది. నాకు చాలా సిగ్గేసింది. మర్నాడు ఎవరు చెప్పారో ఏమో, కరీంనగర్ అన్న, పఠాన్ కలిసి సోఫా కిందికి దించి మా గదిలో పెట్టారు. "చెల్లె గా పెట్టె మీద కూసుంటె మంచిగ లేదు," అని, టీవీ సంగతి ఎత్తకుండా వెళ్ళిపోయాడు అన్న.

కొన్ని నెలలకి పెరూ నుంచి విగ్రహం ఈమెయిల్లో ఫోటో పంపాడు. ప్రింటు తీసి ఇంటికి తెచ్చాను. సముద్రం ఒడ్డు, వెనకాల బోడి ఇసక దిబ్బలు, మధ్యలో ఆయన. మా ఆవిడ చూసి, "ఇది మన బహ్రెయిన్ జల్లాఖ్ బీచి కదండీ? ఆయన ఎప్పుడొచ్చారు?" అంది. కొండలు వేరే చోట ఉన్నాయిట. ఆఫీసున్న లిమా మాత్రం సముద్రం పక్కన ఇసకలో ఉందిట, వాన అన్నదే దాదాపు ఎరగదుట. 'మనకి అలవాటే కదా, హాయిగా ఉంది' అని రాశాడు మహానుభావుడు. అన్ని మెట్లు ఎక్కినవాణ్ణి, అన్ని సంగతులు అడిగినవాణ్ణి, ఆఫీసు ఏ ఊళ్ళో అని ఒక్కమాట అడగలేదు! నాకు ఏడుపొచ్చేలా ఉంటే మా ఆవిడ పొట్ట పట్టుకుని నవ్వింది. ఆ ఇంట్లో ఆవిడ అంతలా నవ్వడం అదే మొదటిసారి.

"పెరూ చూపిస్తానన్నారుగా, పదండి," అని ఆ శుక్రవారమే జల్లాఖ్ తీసుకెళ్ళమంది. అక్కడ ఇసక దిబ్బ ముందు నన్ను నిలబెట్టి, నెత్తిన మంకీ టోపీ పెట్టి, తనూ పక్కన నిలబడి, దారినపోయే ఒకాయనతో ఫోటో తీయించింది. దాన్ని మా అత్తగారికి పంపాం. ఆవిడ అప్పటికే వీధంతా మేము పెరూలో ఉన్నామని చెప్పేసి ఉన్నారు. అసలు సంగతి ఫోనులో ఎన్నిసార్లు చెప్పినా, "సర్లెండి బాబూ," అని, ఫోటో షోకేసులో పెట్టి వచ్చినవాళ్ళందరికీ పెరూగానే చూపించారు.

మొన్న అత్తగారింటికి వెళ్ళినప్పుడు చూశాను, ఇంకా అక్కడే ఉంది, కాస్త రంగు వెలిసింది. మా ఆవిడ కెమెరాకేసి చూసి నవ్వుతోంది. టోపీ పెట్టుకున్న ఆ కుర్రాడు మాత్రం ఇసకలో నిలబడి, పైన పోతున్న విమానం కేసి చూస్తున్నాడు. 'ఒరే నాయనా, ఇటు చూడరా,' అనుకున్నాను.